కరవులో మగ్గము: ప్రభుత్వసాయమును గూర్చిన కొంత చరిత్ర

క్షామమనగానే మన మనస్సునకు ముందుగా తోచునది బీటలువారిన పొలము, ఎండిన చెరువు. అందుచేతనే కరవుల చరిత్ర వ్రాసినవారు రైతును గూర్చియు, కూలివానిని గూర్చియు విస్తారముగా వ్రాసి, మగ్గముపై బ్రతుకువానిని ఒకటి రెండు పుటలతో సరిపుచ్చిరి. షోలాపురము, బళ్లారి, సేలము, బరంపురము మొదలైన పట్టణములలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారిలో పెక్కు కుటుంబములు నేతవృత్తిని పట్టుకొని అచ్చటికి చేరినవే. కావున ఆ ఒకటి రెండు పుటలు మనకు పరాయివి కావు. దేశమునకు విపత్తు సంభవించినపుడు చిన్న వృత్తిదారునకు, చిన్న వర్తకునకు ప్రభుత్వము ఏ రూపమున చేయి అందించినది, ఆ చేయి ఎవరివరకు చేరినది అను విషయమును ఈ వ్యాసమున నేతవాని పక్షమునుండి చూడదలచితిని.

రైతునకు కరవు ఆకాశమునుండి వచ్చును. సాలెవానికి అది సంతనుండి వచ్చును. వానలు తప్పినచో మొదట ధాన్యపు ధర పెరుగును. ధాన్యము కొనుటకే చేతిలోని డబ్బు చాలని గృహస్థుడు బట్ట కొనుట మానివేయును. చిరిగిన పంచెకు మాసిక వేసి మరి ఆరుమాసములు కట్టుకొనవచ్చును గాని, ఆకలికి మాసిక వేయుటకు వీలులేదు గదా! కావున పైరు పూర్తిగా ఎండిపోకముందే మగ్గమునకు పని ఆగిపోవును. నూలిచ్చి బట్ట నేయించుకొను షావుకారు తన కొట్టులో పాత సరుకే కదలక పడియున్నదని క్రొత్త నూలిచ్చుట మానును. నేతవాడు తనయొద్దనున్న నాలుగు చీరలను సంతకు తీసికొనిపోయినచో, పోయిన సంవత్సరము వచ్చిన ధరలో సగమైనను రాదు. ఆ సగముతో కొనవలసిన జొన్నలేమో రెండు మూడింతల ధర పలుకుచుండును. ఈ రెండు దెబ్బలు ఒకేసారి తగులుటయే వృత్తిదారుని కరవు. 1943 నాటి వంగదేశ క్షామమును గూర్చి అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున, జాలరులు, మంగలులు, చేతిపనివారు ఈ విధముగానే కూలిపోయిరని లెక్కలతో నిరూపించెను. ఊరిలో బియ్యముండియు, తన పనిని బియ్యముగా మార్చుకొను దారి మూసికొనిపోయినచో మనిషి చచ్చును.

నేతవానికి మరియొక చిక్కు కలదు. పడుగునకు గంజి పెట్టనిదే నూలు నిలువదు. నాడె ఆడుచుండగనే పోగులు పుటుక్కున తెగిపోవును. ఆ గంజి బియ్యముతోనో, జొన్నలతోనో, రాగులతోనో కాచవలసినదే. పిల్లల కంచములలోనికి లేని గంజి పడుగునకు ఎచ్చటనుండి వచ్చును? ఆసు పోయుట, కండెలు చుట్టుట, గంజి పెట్టుట మొదలైన పనులన్నిటిలోను ఇంటిల్లపాది చేతులు ఉండవలెను గావున, ఇంట ఒక్కరు మంచమెక్కినను మగ్గము కుంటువడును. మగ్గము ఒక మనిషి ఉద్యోగము కాదు. అది ఒక కుటుంబము నడుపు చిన్న పరిశ్రమ.

ఇక 1876-78 నాటి మహాక్షామమునకు వత్తము. మనవారు దానిని ధాత కరువనిరి. మదరాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి దక్కను భాగములు దాని వాతబడినవి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము కూడ చేరియుండెను. సేలము, కోయంబత్తూరు, ఉత్తర ఆర్కాటులును తప్పించుకొనలేదు. బ్రిటిషు ప్రాంతములలోనే ఏబది లక్షలకు పైగా జనులు మరణించిరని తరువాతి కమీషను అంచనా వేసినది. మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు, వైస్రాయి లిట్టను. ఖర్చు తగ్గింపుమని లిట్టను 1877 జనవరిలో పంపిన ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపులు.

టెంపులు పెట్టిన కూలి కరవు చరిత్రలో అపఖ్యాతికెక్కినది. నిండు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు. ఇది మనిషిని నిలుపజాలదని మదరాసు శానిటరీ కమీషనరు డాక్టరు కార్నిషు గట్టిగా వాదించెను. ఆ వాదము కొంతవరకు గెలిచినది కూడ. అయితే మనకు ముఖ్యమైన విషయము కూలి పరిమాణము కాదు, పని స్వభావము. సాయము కోరువాడు నిజముగా ఆర్తుడగునో కాదో తెలియుటకు కష్టమైన పని పెట్టవలెననియు, ఆ పని ఇంటికి దూరముగా ఉండవలెననియు నాటి సిద్ధాంతము. మన్ను త్రవ్వుట, కంకర కొట్టుట, కాలువలు తీయుట ఆ పనులు. మదరాసు తీరమున సాగు బకింగుహాము కాలువలో ఒక భాగము అట్లు తీసినదే.

గుంట మగ్గమున కూర్చుండి, వ్రేళ్ల చివరలతో తెగిన పోగును వెదకి ముడివేయువాడు కంకర కొట్టుటకు పోయినచో ఏమగును? కరవులో అలవాటులేని పనివలన కలుగు రోగములొక ఎత్తు. అరచేతులు కాయలుకాచి, వ్రేళ్లు మొద్దువారినపిదప సన్ననూలు ఆ చేతులకు లొంగదు. ప్రాణము దక్కినను విద్య పోవును. పైగా కుటుంబమంతయు శిబిరమునకు తరలినచో ఇంట మగ్గమునకు దిక్కెవరు? చెక్కలు అమ్ముడుపోవును, అచ్చులు పాడగును. కరవు తీరి వానలు కురిసిన దినమున రైతునకు పొలము అచ్చటనే యుండును. అప్పటికి మగ్గము నిలిచియుండునను నమ్మకము లేదు. కావుననే పెక్కుమంది నేతవారు చివరి గింజ అయిపోవువరకు శిబిరమునకు పోక, ఇంటనే ముడుచుకొని పడియుండిరి. దానిని కొందరు అధికారులు కులగర్వమనిరి. నా మట్టుకు అది లెక్క తెలిసినవాని భయముగా తోచును.

మదరాసు ప్రభుత్వము ఈ సంగతిని ఆలస్యముగానైనను గుర్తించినది. నేతవానికి అతని వృత్తిలోనే పని చూపుట అను పద్ధతి ఆ క్షామమున ఆచరణలోనికి వచ్చినది. దాని క్రమము సులభమైనది. నూలునకు బయానా ఇత్తురు. లేదా నూలే తూచి ఇత్తురు. నేతవాడు తన ఇంటనే, తన మగ్గముపైననే నిర్ణయించిన కొలత ప్రకారము బట్ట నేసి అప్పగించును. తూకము సరిచూచి, కూలి చెల్లింతురు. ఆ కూలి లాభము మిగిలించునది కాదు, ప్రాణము నిలుపునది మాత్రమే. బట్ట ప్రభుత్వపు సొత్తు. దానిని నిలువ ఉంచి, కాలము కుదుటపడిన తరువాత అమ్మవచ్చును, లేదా గుడ్డలేని దీనులకు పంచవచ్చును. కంకర గుట్టకు అయిన ఖర్చు మరల రాదు. బట్టకు పెట్టిన సొమ్ములో మంచిభాగము అమ్మకమువలన తిరిగి ఖజానాకు చేరును. ఆలోచించి చూచినచో నేటివారు చిన్న పరిశ్రమలకు పెట్టుబడి సాయమనియు, ప్రభుత్వపు కొనుగోలనియు వేర్వేరు పేర్లతో పిలుచుచున్న రెండు పద్ధతులును ఇందులో కలిసియున్నవి.

అయినను ఈ సాయమునకు అధికారవర్గమున ఎదురు వాదములు బలముగా నుండెను. ప్రభుత్వము బట్ట నేయించి గిడ్డంగులు నింపినచో, కరవు తీరగనే ఆ సరుకు సంతలో పడి ధరను మరల అణగద్రొక్కునని ఒక వాదము. ఇది కొట్టివేయదగినది కాదు. ఇంట కూర్చుండి పని చేయువానిని పరీక్షించుట ఎట్లనునది మరియొక వాదము. నూలు తీసికొని అమ్ముకొనునేమో, ఒకరి మగ్గమును ఇరువురు చూపుదురేమో యని అనుమానము. విచిత్రమేమనగా, మొతుర్ఫా యను వృత్తిపన్ను వసూలు చేసిన దినములలో ప్రతి మగ్గమును లెక్కించుట సర్కారునకు ఏమాత్రమును కష్టముగా తోచలేదు. పన్నుకొరకు తేలికగా సాగిన లెక్క పస్తుకొరకు కష్టమైనది!

అసలైన చిక్కు ఈ రెండింటికిని వెలుపల నుండెను. నేతవారిలో అందరును ఒకే స్థితిలో లేరు. సొంతనూలుతో నేసి సంతలో అమ్ముకొనువాడు ఒకడు. షావుకారు నూలును మజూరికి నేయువాడు వేరొకడు. ఇతరుల ఇంట, ఇతరుల మగ్గముపై కూలికి కూర్చుండువాడు ఇంకొకడు. రెండవవాడు షావుకారునకు బాకీపడియుండును. ప్రభుత్వపు నూలు అతని ఇంటికి వచ్చినచో షావుకారు తన బాకీకి అడ్డుపడుననియు, ఒకప్పుడు ఆ బట్టనే తీసికొనిపోవుననియు భయము. షావుకారుద్వారానే నూలిప్పించినచో పని చురుకుగా సాగును గాని, సాయములో ఎంత నేతవానికి చేరినదో తెలియదు. మూడవవానికి మగ్గమే లేదు గనుక అతడు ఏ లెక్కలోనికి రాడు. మరియొక సంగతి చెప్పవలెను. తెలుగు జిల్లాలలో ముతకబట్ట నేసినవారు దేవాంగులు, పద్మశాలీలు మాత్రమే కారు. మాలకులమునకు చెందినవారును పెక్కుమంది నేసిరి. కులము పేరునుబట్టి వృత్తిని గుర్తించు గుమాస్తా కంటికి సాలెవాడు నేతవాడుగాను, మగ్గమున్న మాలవాడు కూలివాడుగాను కనబడుటకు ఎక్కువ అవకాశము కలదు. మన సంఘ చరిత్రలలో ఈ మాట అరుదుగా వ్రాయుదుము.

క్షామానంతరము జనరల్ రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన కమీషను 1880లో నివేదికనిచ్చినది. 1883లో క్షామ నిబంధనావళికి ముసాయిదా ఏర్పడి, దానినిబట్టి రాష్ట్రములు తమ తమ నిబంధనావళులను వ్రాసికొన్నవి. వృత్తిదారులకు, విశేషించి నేతవారికి, సొంతవృత్తిలో పని చూపుట అను పద్ధతికి వానిలో క్రమముగా చోటు కుదిరినది. 1898, 1901 సంవత్సరముల కమీషనులు దానిని మరల చర్చించినవి. ఇది చిన్న గెలుపు కాదు.

అదే కాలమున రైతులకు మరియొక ద్వారము తెరచుకొనెను. 1883 నాటి భూమి అభివృద్ధి ఋణముల చట్టము, 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టము తక్కావి అప్పులకు స్థిరమైన రూపమిచ్చినవి. బావికి, గట్టునకు, విత్తనమునకు, ఎద్దులకు సర్కారు అప్పు దొరకును. హామీ భూమి. భూమిలేని నేతవాడు ఏమి హామీ చూపగలడు? నాలుగు కొయ్యలు, ఒక అచ్చు, ఇంట నున్న వారి చేతులు. ఈ చేతులను హామీగా అంగీకరించు చట్టము రాలేదు. 1904లో సహకార చట్టము వచ్చి, 1912లో అది ఋణసంఘములకే కాక ఉత్పత్తి, విక్రయ సంఘములకును విస్తరించువరకు నేతవానికి షావుకారు తప్ప బ్యాంకు లేదు.

ఇచ్చట షోలాపురమును తలచుకొనవలెను. 1877లో, అనగా క్షామము నడుమనే, ఆ పట్టణమున మొదటి నూలుమిల్లు ఏర్పడినది. నిజాము రాజ్యములోని తెలంగాణమునుండి పద్మశాలీలు గుంపులుగా అచ్చటికి చేరి, చేతిమగ్గములు వేసికొని, పట్టణపు తూర్పుభాగమున తెలుగు పేటలను నిలిపిరి. 1896-97లోను, 1899-1900లోను బొంబాయి దక్కనును కరవులు మరల పట్టినపుడు, నేతవారికి వారి వృత్తిలోనే సాయము నడచిన ప్రధానమైన పట్టణములలో షోలాపుర మొకటి. సాయము పొందినవారిలో అధిక సంఖ్యాకులు మన తెలుగు నేతవారే. స్వస్థలమును విడిచివచ్చినవారు, పరరాజ్యపు ప్రజలు, మరాఠీ కాగితములు చదువనేరనివారు. అయినను మగ్గము కనబడినది గావున లెక్కలోనికి ఎక్కిరి. పట్టణమున పేటలుగా, కులపెద్దల కట్టడిలో నివసించుటవలన ఎవరి ఇంట ఎన్ని మగ్గములున్నవో చెప్పగలవారు సిద్ధముగా నుండిరి. పల్లెలలో చెదరియున్నవారికి ఈ సౌకర్యము లేదు. సంఘముగా నుండుట మనవారికి పండుగలకును భజనలకును మాత్రమే ఉపయోగపడినదని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను.

వలస అనునది సాయము చాలనిచోట పుట్టిన సాయమే. కరవు పిమ్మట కరవు ఊళ్లనుండి నేతవారిని పట్టణములకు తోసినది. పట్టణమున మిల్లునూలు దగ్గర, సంత పెద్దది, అప్పు ఇచ్చు షావుకార్లు పలువురు. అయితే మనవారందరు కరవువలననే వచ్చిరని వ్రాయుట సరికాదు. సేలము, కోయంబత్తూరు ప్రాంతముల దేవాంగులు విజయనగర, నాయకరాజుల కాలములనుండి దక్షిణమునకు నడచినవారు. బరంపురమున పట్టునేసిన దేవాంగులకు ఆ ఊరే సొంతయూరు. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క కథ కలదు.

సహకారోద్యమమును గూర్చి సంక్షేపముగా చెప్పుదును. 1935లో మదరాసు రాష్ట్ర చేనేత సహకార సంఘము ఏర్పడెను. తరువాత కో-ఆప్టెక్సు అను పేరుతో ప్రసిద్ధికెక్కినది అదియే. 1938లో, నాటి బళ్లారి జిల్లాలోని ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారి పూనికతో నేతవారి సహకార సంఘము వెలసి, దేశమున పేరుపొందినది. నూలు తానే కొనుట, రంగు తానే వేయించుట, బట్ట తానే అమ్ముట అను మూడు పనులు షావుకారు చేతినుండి సంఘము చేతికి వచ్చినపుడు మజూరీలోని అర్థమే మారిపోవును. ఆచార్య రంగాగారు 1930లోనే చేనేత ఆర్థికస్థితిని గూర్చి గ్రంథము వ్రాసి, మగ్గము అప్పులతో ఎట్లు కట్టువడియున్నదో చూపియుండిరి.

రెండవ ప్రపంచ యుద్ధము తెచ్చినది వేరొక జాతి కరవు. అందు బట్టకు గిరాకి కలదు, నూలు లేదు. యుద్ధకాలమున నియమితమైన డాక్టరు పి. జె. థామసుగారి కమిటీ 1942 నాటి నివేదికలో దేశమున సుమారు 20 లక్షల చేతిమగ్గములున్నట్లు లెక్కించినది. ఆ కాలముననే నూలు ధరలు ఆకాశమునంటినవి. 1943లో బట్టపైనను నూలుపైనను కంట్రోలు వచ్చినది. నూలు పంపిణీలో సహకార సంఘములకు ప్రాముఖ్యము కలిగెను. దానితో సంఘములో పేరున్నవానికి నూలు, లేనివానికి నల్లబజారు అను స్థితి ఏర్పడినది. నేయనివారు నూలుకొరకు సభ్యులగుటయు, నేయువారు ప్రవేశరుసుము లేక వెలుపల నిలుచుటయు ఆనాడే మొదలైనవి. పేరునకు మాత్రము నడచు సంఘములను గూర్చిన ఫిర్యాదులు తరువాతి దశాబ్దులందును వినవచ్చుచునే యుండెను.

1946లో ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రధానిగా నుండి, క్రొత్త నూలుమిల్లులకు అనుమతి నిరాకరించి ఖద్దరును నిలుపబూనిరి. సాహసమైన సంకల్పమే. కాని మగ్గములలో బహుభాగము మిల్లునూలుతోనే ఆడుచుండగా, నూలుకరవు దినములలో మిల్లుల పెంపును ఆపుట నేతవానికి మేలా కీడా అని నేతవారిలోనే భేదాభిప్రాయము కలుగుట సహజము.

ఆ తరువాతి సంకటము 1952లో వచ్చినది. ఈసారి నూలు కలదు, బట్టకు గిరాకి లేదు. కొరియా యుద్ధకాలపు ధరలు కుప్పకూలి, మగ్గముల బట్ట గుట్టలుగా నిలిచిపోయెను. మదరాసు ముఖ్యమంత్రి రాజాజీ పంచెలు, చీరలు చేతిమగ్గములకే ప్రత్యేకింపుడని కేంద్రమును పట్టుబట్టి అడిగెను. కేంద్రము పూర్తిగా ఒప్పలేదు. మిల్లులు అంతకుముందు నేసిన పంచెలలో నూటికి 60 వంతులు మాత్రమే నేయవలెనని కట్టడి చేసినది. 1952లో అఖిలభారత చేనేత బోర్డును పునర్వ్యవస్థీకరించిరి. 1953లో మిల్లుబట్టపై గజమునకు మూడు పైలు, అనగా పాతలెక్కలో అణాకు నాలుగవ వంతు, పన్ను విధించి, ఆ నిధిని ఖద్దరుకును చేనేతకును వినియోగించు చట్టము చేసిరి. బట్ట ధరలో తగ్గింపు, అమ్మకపు శాలలు, సంఘములలో చేరుటకు వాటాధనపు అప్పులు ఆ నిధినుండి వచ్చినవే. 1877లో ప్రభుత్వము బట్టను తానే కొనవలసివచ్చినది. 1953లో కొనువానిని బట్టవద్దకు నడిపించు మార్గము వెదకినది. గిడ్డంగి నిండునను పాత భయమునకు ఇది మంచి సమాధానమని నా అభిప్రాయము. అయితే ఈ సాయములో అధికభాగము సంఘ సభ్యునకే. వెలుపలనున్న మజూరీదారుని దుకాణపు తగ్గింపు తాకనైన తాకలేదు.

ఈ సమయముననే సరిహద్దులు మారినవి. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా బరంపురము అందు చేరియుండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినవి. బళ్లారిలోని నేతవాడును ఆదోనిలోని అతని వియ్యంకుడును వేర్వేరు జాబితాలలో పడిరి. ఇండ్లు కదలలేదు, మగ్గములు కదలలేదు; దరఖాస్తు పెట్టవలసిన కచేరి మాత్రము మారినది, దానితో కాగితపు భాషయు మారినది.

2020 మార్చి చివర కరోనా వ్యాధి నివారణకై దేశమంతయు మూతపడినపుడు పైని చెప్పిన ప్రశ్నలన్నియు మరల లేచినవి. సంతలు లేవు, పెండ్లిళ్లు లేవు, పట్టుచీర కొనువాడు లేడు. 2019-20 నాటి నాల్గవ చేనేత గణన ప్రకారము నేతలోను దాని అనుబంధపు పనులలోను 35 లక్షలకు పైగా జనులుండిరి. ఆ కుటుంబములలో సుమారు మూడింట రెండువంతుల ఆదాయము నెలకు 5,000 రూపాయలకు లోపు. అట్టివారికి రెండు నెలలు పని ఆగుట అనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు.

కేంద్రము మే నెలలో ప్రకటించిన సాయములలో చిన్న పరిశ్రమలకు ముఖ్యమైనది 3 లక్షల కోట్ల రూపాయల అత్యవసర ఋణ హామీ. తాకట్టు అక్కరలేదు, అప్పు తీరనిచో నష్టము ప్రభుత్వము భరించును, మొదటి సంవత్సరము అసలు చెల్లింపనక్కరలేదు. 1884లో నేతవాని చేతులను హామీగా అంగీకరింపని సర్కారు 136 సంవత్సరముల తరువాత తానే హామీగా నిలిచినది! కాని షరతును చూడవలెను. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ కలదో అందు నూటికి 20 వంతులే క్రొత్త అప్పుగా ఇచ్చిరి. అనగా బ్యాంకునకు బాకీపడినవాడు అర్హుడు. షావుకారునకు బాకీపడినవాడు కాడు. ఈ పథకమువలన లక్షలకొలది పరిశ్రమలు మూతపడక నిలిచినమాట నిజమే. దానిని తక్కువచేయుట అన్యాయము. 2023 మార్చివరకు సాగి, పరిమితి 5 లక్షల కోట్లకు పెరిగినది. అయినను మజూరీ నేతవాని మట్టుకు అది ప్రక్కవీధిలో కురిసిన వాన.

దీనికంటె చిన్నదగు మరియొక పథకము నాకు మెప్పుగా తోచినది. 2020 జూన్ 1న ఆరంభమైన స్వనిధి పథకమున వీధివర్తకునకు 10,000 రూపాయల అప్పు, సకాలమున తీర్చినచో నూటికి ఏడు వంతుల వడ్డీ రాయితీ, పిమ్మట ఇంకను పెద్ద అప్పు లభించెను. పురపాలక సంఘపు సర్వేలో పేరులేనివాడు సిఫారసు లేఖ తెచ్చుకొనవచ్చునను సవరింపు అందు కలదు. జాబితా తప్పగునని జాబితా వ్రాసినవారే ముందుగా ఒప్పుకొనుట మన పరిపాలనలో అరుదు.

రాష్ట్రములు తమకు తోచినట్లు చేసినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 డిసెంబరులో ఆరంభించిన నేతన్న నేస్తము క్రింద సొంతమగ్గమున్న కుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలు ఇచ్చుచు, రెండవ విడతను గడువునకు ఆరుమాసములు ముందుగా 2020 జూనులోనే చెల్లించినది. తెలంగాణమున, నేతవాడు తన మజూరీలో నూటికి ఎనిమిది వంతులు దాచుకొనగా ప్రభుత్వము పదునారు వంతులు కలుపు పొదుపు పథకము కలదు. ఆ సొమ్మును గడువు తీరకముందే తీసికొనుటకు ఆనాడు అనుమతించిరి. కర్ణాటకము 2020 మే నెలలో నేతవానికి ఏటికి 2,000 రూపాయలు నేరుగా ఇచ్చు పథకమును ప్రకటించెను. 24,000 ఎక్కడ, 2,000 ఎక్కడ! ఆదోని వియ్యంకునికిని బళ్లారి వియ్యంకునికిని నడుమ దూరము రైలులో కొద్ది గంటలే.

ఆ జూలై 27న కేంద్రము అఖిలభారత చేనేత బోర్డును రద్దుచేసినది. పదునొకండవ దినమున, అనగా ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవము యథావిధిగా జరిగినది. బోర్డు సలహాలిచ్చు సభ మాత్రమే, డబ్బు పంచునది కాదు. నేతవాని మాట ఢిల్లీలో చెప్పుకొనుటకున్న కుర్చీ అది.

షోలాపురపు మనవారి సంగతి ఇంకను వేరు. చేతిమగ్గములు చాలవరకు మరమగ్గములైనవి. దుప్పట్లు, తువ్వాళ్లు ఆ పట్టణపు పేరు మోయుచున్నవి. మరమగ్గపు యజమాని చిన్న పరిశ్రమగా లెక్కకెక్కి బ్యాంకు హామీ పొందగలిగెను. ఆ మగ్గముపై గంటలలెక్కన నిలుచుండు తెలుగు కూలి చేనేత జాబితాలో లేడు, పరిశ్రమల జాబితాలో లేడు, ఆంధ్రలోగాని తెలంగాణలోగాని నివాసము లేదు గనుక అచ్చటి జాబితాలలోను లేడు. మహారాష్ట్రములో అతడు అసంఘటిత కార్మికుడు. 1897లో అతని ముత్తాతకు నూలు తూచి ఇచ్చిన కచేరిలో అడిగిన ప్రశ్న ఒక్కటే: నీ మగ్గమెక్కడ?

మన సంఘములకు చేయదగిన పని ఒకటి కలదు. పాత పేటలలోని ఇండ్లలో సహకార సంఘపు పాసుపుస్తకములు, యుద్ధకాలపు నూలు కార్డులు, షావుకారు చిట్టాలు, వాటాపత్రములు ట్రంకుపెట్టెల అడుగున నేటికిని ఉండవచ్చును. చాల ఇండ్లలో వానిని చదువగల పెద్దలు ఎనుబది దాటినవారు. వచ్చు ఉగాదిలోపల ఒక్కొక్క పేటకు ఇద్దరు యువకులను నియమించి, ఆ కాగితములకు నకళ్లు తీయించి, ఏ ఇంట ఏ కాలమున ఎన్ని మగ్గములాడినవో, ఎవరు మజూరీకి నేసిరో వ్రాయించినచో, నేడు పనిచేయుచున్నవారి పట్టికయు దానితోపాటే సిద్ధమగును. మరల ఏ సంవత్సరమున ఏ సర్కారు గుమాస్తా వచ్చి అడిగినను చూపుటకు అది మనయొద్ద నుండును.